చొక్కాను తిరగేసి చూడాలి

చొక్కా మంచిదో కాదో తెలియాలంటే దాన్ని తిరగేసి చూడాలి. పైకి కనిపించే రంగు, నలగని ఇస్త్రీ, జేబు మీది చిన్న గుర్తు, ఇవన్నీ అమ్మకం కోసం ముస్తాబు చేసినవి. లోపలి వైపు అలా కాదు. కుట్టు ఎంత దగ్గరగా పడింది, అంచులు ఎలా మడిచారు, దారాలు ఎక్కడెక్కడ వేలాడుతున్నాయి, ఇవేవీ అక్కడ దాగవు. అందుకే అనుభవం ఉన్న టైలరు చేతికి చొక్కా ఇస్తే ముందు గుండీలు విప్పి లోపలికి చూస్తాడు. బ్రాండు పేరు ఆ తర్వాత చదువుతాడు.

ఆఫీసుకి, ఇంటర్వ్యూకి, పెళ్లికి వేసుకునే పొడుగు చేతుల చొక్కా బజారులో అయిదారు వందల నుంచి అయిదారు వేల దాకా దొరుకుతుంది. అయిదు వేల చొక్కా అయిదు వందల చొక్కా కన్నా పదింతలు మన్నుతుందా అంటే, మన్నదు. అలాగని అయిదు వందలదీ, పన్నెండు వందలదీ ఒకటే అనుకోవడమూ పొరపాటే. ధర కొంతవరకు నాణ్యతకు పడుతుంది. ఆ పైన దుకాణం అద్దెకి, ప్రకటనలకి, పేరుకి పడుతుంది. ఎంతవరకు నాణ్యతకి, ఎక్కడి నుంచి పేరుకి అన్నది కనిపెట్టగలిగితే చాలు, తక్కువ డబ్బుతో మంచి చొక్కా కొనడం కష్టం కాదు. చూడాల్సినవి నాలుగే: గుడ్డ, కాలర్, కుట్టు, కొలత. ఈ నాలుగూ గుర్తుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి.

ముందు గుడ్డ సంగతి. చొక్కా ఎన్నాళ్లు మన్నుతుందో, ఒంటికి ఎంత హాయిగా ఉంటుందో చాలావరకు గుడ్డే తేలుస్తుంది. చొక్కా గుడ్డల్లో ఎక్కువగా కనిపించేవి పూర్తి కాటన్, కాటన్ పాలిస్టర్ కలిపిన మిశ్రమం, లినెన్. మామూలు గాలిలో నూరు గ్రాముల పత్తి సుమారు 8 గ్రాముల తేమను తనలో పట్టుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. రామగుండంలోనో, విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం బస్సులో నిలబడ్డవాళ్లకి ఈ తేడా వీపు మీదే తెలుస్తుంది. కాటన్ చెమటను పీల్చుకుని మెల్లగా ఆరనిస్తుంది. పాలిస్టర్ ఎక్కువైన చొక్కా ఒంటికి అంటుకుపోతుంది.

అలాగని మిశ్రమం పనికిరానిదేమీ కాదు. పాలిస్టర్ కలిసిన చొక్కా త్వరగా ఆరుతుంది, అంతగా నలగదు, రంగు నిలుస్తుంది. రోజూ ఇస్త్రీ కుదరనివాళ్లకి, వానాకాలంలో బట్టలు ఆరక ఇబ్బంది పడేవాళ్లకి అది ఉపయోగమే. పత్తి పాలు అరవై శాతానికి తగ్గకుండా చూసుకుంటే వేసవిలో కూడా మరీ ఉక్కపోయదు. ఎంత పత్తి, ఎంత పాలిస్టర్ అన్నది మెడ వెనకో, పక్క కుట్టు లోపలో ఉండే చిన్న చీటీ మీద రాసి ఉంటుంది. అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాలతో కాటన్ రిచ్ అనో, కాటన్ ఫీల్ అనో ఉంటే అది పూర్తి కాటన్ అని అర్థం కాదు. చదవాల్సింది పెట్టెను కాదు, లోపలి చీటీని.

చీటీ మీద నమ్మకం కుదరకపోతే ఇంకో పద్ధతి ఉంది. లోపలి అంచు నుంచి ఊడి వేలాడే దారం పోగు ఒకటి తీసుకుని, ఇంటి దగ్గర జాగ్రత్తగా వెలిగించి చూడాలి. గుడ్డ పోగే కావాలి, కుట్టు దారం కాదు. కుట్టు దారం చాలాసార్లు పాలిస్టరే ఉంటుంది. పత్తి పోగు కాగితం కాలినట్టు వాసన వేస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుంటుంది, చివర గట్టి పూస కడుతుంది. మిశ్రమంలో రెండూ కలిసి కనిపిస్తాయి. కొన్నాక చేసే పరీక్షే అయినా, మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాలా వద్దా అన్నది దీనితో తేలిపోతుంది.

ఇక నూలు నంబరు. చేనేత ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకి ఇది కొత్త మాట కాదు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే ఆ నూలు నంబరు. నలభై చిలపలు వస్తే నలభయ్యో నంబరు, వంద వస్తే వందో నంబరు. నంబరు పెరిగిన కొద్దీ దారం సన్నబడుతుంది, గుడ్డ నున్నబడుతుంది, ధర పెరుగుతుంది. రోజువారీ ఆఫీసు చొక్కాకి నలభై నుంచి అరవై దాకా నంబరు చాలు. ఎనభై, వంద అంటే మెత్తదనం కోసం డబ్బు పెట్టడమే. నంబరు పెద్దదైతే గట్టిదనం కూడా పెరుగుతుందనుకోవద్దు. ఒంటి పోగు వందో నంబరు గుడ్డ కన్నా ఒంటి పోగు అరవై గుడ్డ ఎక్కువ ఉతుకులు తట్టుకోవచ్చు.

ఇక్కడ రెండు పోగుల నూలు గురించి చెప్పాలి. రెండు సన్నటి పోగులను కలిపి పురిపెట్టి ఒక దారం చేస్తారు. రవికె గుడ్డల దుకాణంలో టూ బై టూ అని అడిగేది దీన్నే. పడుగులోనూ రెండు పోగుల దారమే, పేకలోనూ రెండు పోగుల దారమే. చొక్కా గుడ్డలో కూడా ఈ రకం ఉంది. వంద నంబరు రెండు పోగులు అని ఉంటే అది సన్నగానూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. ధర ఎక్కువే, కానీ ఆ ఎక్కువ ధర పేరుకి కాదు, గుడ్డకే పడుతుంది. పెళ్లికో, ముఖ్యమైన ఉద్యోగానికో ఒక్క మంచి చొక్కా కొనాలనుకునేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

నేతలో మూడు రకాలు తెలిస్తే చాలు. పాప్లిన్ నున్నగా, పలచగా ఉంటుంది. ఎండాకాలానికి బాగుంటుంది, కానీ త్వరగా నలుగుతుంది. ట్విల్‌లో దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. అది కాస్త మందం, మడత తక్కువ పడుతుంది. ఆక్స్‌ఫర్డ్ నేతలో చిన్న చిన్న గళ్లలాంటి గరుకుదనం ఉంటుంది. గట్టిది, నలిగినా వికారంగా కనిపించదు. కాలర్ కొసలకి చిన్న గుండీలు పెట్టే చొక్కాలను ఎక్కువగా ఈ ఆక్స్‌ఫర్డ్ గుడ్డతోనే కుడతారు. అమెరికాలోని బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీ చెప్పే చరిత్ర ప్రకారం ఆ కాలర్ 1896లో పుట్టింది. ఇంగ్లండులో పోలో ఆడేవాళ్లు గుర్రం పరుగుకి కాలర్ ఎగిరి మొహానికి కొట్టకుండా గుండీలతో బిగించుకున్నారు. దాన్ని చూసి ఆ కంపెనీ చొక్కాల మీదికి తెచ్చింది. టై కట్టని ఆఫీసుల్లో ఈ కాలర్ ఎంతో అనువు. సాయంత్రం దాకా కొసలు పడిపోకుండా నిలబడతాయి.

దుకాణంలో నిలబడి గుడ్డను పరీక్షించడానికి అయిదు నిమిషాలు చాలు. మొదట వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకోవాలి. దుకాణంలోని లైట్ల కన్నా వీధి వెలుతురు మేలు. నేత అంతటా ఒకే ఒత్తుగా ఉంటే మంచిది. కొన్నిచోట్ల పలచగా, కొన్నిచోట్ల చిక్కగా, మధ్యలో లావు పోగులు కనిపిస్తే నూలు సమంగా లేదని అర్థం. తర్వాత గుడ్డ కొసను పిడికిట్లో పది లెక్కపెట్టేంతసేపు నలిపి వదలాలి. నలగడం కాటన్‌కి సహజమే. కానీ కాగితం మడత పడ్డట్టు గీతలు గీతలుగా నిలిచిపోతే, గుడ్డలో నూలు కన్నా గంజి ఎక్కువ ఉందన్నమాట. రెండు వేళ్ల మధ్య గుడ్డను రుద్దితే తెల్లటి పొడి రాలడం కూడా గంజికి గుర్తే. మొదటి ఉతుకుతో ఆ గంజి కరిగిపోతుంది. బిగువుగా కనిపించిన గుడ్డ జాలిగుడ్డలా మిగులుతుంది. ముదురు రంగు చొక్కా అయితే తెల్లటి చేతిరుమాలు కొస తడిపి లోపలి అంచు మీద నాలుగుసార్లు రుద్దాలి. రుమాలుకి రంగు అంటితే ఇంట్లో బకెట్లో మిగతా బట్టలకీ అంటుతుంది.

కుంచించుకుపోవడం ఇంకో పెద్ద సమస్య. నూటికి మూడు వంతులు కుంచించుకుంటే పోయేదేముంది అనిపిస్తుంది. పాతిక అంగుళాల చెయ్యి మీద ఆ మూడు వంతులు ముప్పావు అంగుళం అవుతుంది. పదహారు అంగుళాల కాలర్ మీద దాదాపు అర అంగుళం. కొన్నప్పుడు సరిగ్గా ఉన్న చొక్కా నెలరోజులకు మెడ దగ్గర గుండీ పట్టకపోవడానికి కారణం ఇదే. మిల్లులో గుడ్డను ముందే కుంచింపజేసి పంపే పద్ధతి 1930 ప్రాంతంలో అమెరికాలో వచ్చింది. యారో చొక్కాల కంపెనీలో పనిచేసిన శాన్‌ఫోర్డ్ క్లూయెట్ కనిపెట్టాడు కాబట్టి దానికి శాన్‌ఫరైజింగ్ అని పేరు. ఆ పని చేసిన గుడ్డ ఉతికినా ఒక శాతానికి మించి కుంచించుకోదు. చీటీ మీద శాన్‌ఫరైజ్డ్ అనో, ప్రీ ష్రంక్ అనో ఉంటే అది అడిగి తీసుకోదగిన గుణం. లేకపోతే చేతులు అర అంగుళం పొడుగున్న చొక్కానే ఎంచుకోవాలి.

ముడతలు పడని చొక్కాలు అని అమ్మేవాటి గురించి ఒక మాట. కాటన్ నలగకుండా ఉండటానికి దాని పీచుకి రసాయన జిగురు పట్టించి వేడి చేస్తారు. ఇస్త్రీ శ్రమ తగ్గుతుంది, నిజమే. కానీ ఆ పనిలో పీచు కొంత బలం కోల్పోతుంది. మోచేతి దగ్గర, కాలర్ మడత దగ్గర అలాంటి చొక్కా ముందుగా చీకిపోతుంది. ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకి ఒకటి రెండు ఉంటే మంచిదే. బీరువా అంతా అవే నింపుకోవడం లాభసాటి కాదు.

గుడ్డ తర్వాత కాలర్. ఏ చొక్కా అయినా ముందు పాడయ్యేది మెడ దగ్గరే. ఎదురుగా ఉన్నవాళ్ల చూపు ముందు పడేదీ అక్కడే. కాలర్ లోపల బిగువు కోసం పెట్టే గుడ్డను టైలర్లు బక్రం అంటారు. రెడీమేడ్ చొక్కాల్లో దీన్ని వేడితో పై గుడ్డకి అతికిస్తారు. అతుకు బాగుంటే ఏళ్లు నిలుస్తుంది. నాసిరకమైతే నాలుగు ఉతుకులకే కాలర్ మీద బుడగలు లేస్తాయి. ఒకసారి లేచిన బుడగ ఇస్త్రీతో మళ్లీ సరిగ్గా అణగదు. కొనేముందు కాలర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా వంచి వదలాలి. వెంటనే నున్నగా వెనక్కి రావాలి. అట్టలా పెళపెళలాడినా, వంచినచోట గీత మిగిలినా ఆ చొక్కా వద్దు. తర్వాత కాలర్ రెండు కొసలనూ దగ్గరికి చేర్చి చూడాలి. రెండూ ఒకే పొడవు ఉండాలి. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, చవక చొక్కాల్లో ఒక కొస రెండోదాని కన్నా కొంచెం పొడుగు ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఆ తేడా అద్దంలో కనపడకపోయినా ఫొటోలో కనపడుతుంది.

ఇప్పుడు కుట్టు. చొక్కాను తిరగేయాల్సింది ఇక్కడే. పెద్దవాళ్ల బొటనవేలి వెడల్పు ఇంచుమించు అంగుళం. పక్క కుట్టు మీద బొటనవేలు ఆనించి, ఆ వెడల్పులో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టాలి. ఎనిమిదో తొమ్మిదో ఉంటే కుట్టు దూరం దూరంగా పడినట్టు. పద్నాలుగు దాటితే బాగున్నట్టు. పద్దెనిమిది, ఇరవై ఉంటే కుట్టినవాళ్లు తొందరపడలేదని అర్థం. దగ్గర కుట్టుకి ఎక్కువ దారం కావాలి, ఎక్కువ సమయం కావాలి. ఆదా చేయదలచిన కంపెనీ ముందు కోత పెట్టేది ఇందులోనే.

తర్వాత కుట్టు అంచు. మంచి చొక్కాలో పక్క కుట్టు దగ్గర గుడ్డ కొస ఎక్కడా బయటకి కనిపించదు. రెండు ముక్కల అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి కుట్టేస్తారు. మామూలు చొక్కాలో అంచు మీద ఓవర్‌లాక్ దారం అల్లి వదిలేస్తారు. అది తప్పేమీ కాదు, అయిదారు వందల చొక్కాలో అంతకన్నా ఆశించలేం. కానీ పదిహేను వందలు, రెండు వేలు పెట్టిన చొక్కాలో లోపల ఓవర్‌లాక్ దారాలు వేలాడుతుంటే ఆ ధర కుట్టుకి పడలేదని గట్టిగా చెప్పవచ్చు. కుట్టుకి రెండు పక్కలా గుడ్డను పట్టుకుని కొద్దిగా లాగి చూడటం కూడా మంచిది. కుట్టు దగ్గర సందులు విచ్చుకుని వెలుతురు కనిపిస్తే, ఆ చొక్కా చంక దగ్గర త్వరలోనే పిగులుతుంది.

గళ్ల చొక్కా, చారల చొక్కా అయితే ఇంకో సులువైన గుర్తు ఉంది. జేబు మీది గళ్లు కింది గుడ్డ గళ్లతో కలవాలి. గుండీల పట్టీకి అటూ ఇటూ అడ్డగీతలు ఒకే వరసలో నడవాలి. ఇలా కలపాలంటే కత్తిరించేటప్పుడు గుడ్డ వృథా అవుతుంది, పనిమంతుడు కావాలి. గళ్లు కలిపిన చొక్కాలో మిగతా పని కూడా సాధారణంగా శ్రద్ధగానే ఉంటుంది.

గుండీల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. కాజాల చుట్టూ దారం ఒత్తుగా ఉందా, లోపల పోగులు పీకి ఉన్నాయా చూస్తే చాలు. చాలా రెడీమేడ్ చొక్కాల గుండీలకి మిషను ఒకే దారంతో గొలుసుకుట్టు వేస్తుంది. వెనక వేలాడే ఆ దారం కొస లాగితే గుండీ మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. కొత్త చొక్కా ఇంటికి తెచ్చాక, మొదటిసారి వేసుకునే ముందే, సూది దారం తీసుకుని ప్రతి గుండీకీ రెండు కుట్లు వేసి ముడివేస్తే ఆ బెడద ఉండదు. పది నిమిషాల పని. లోపల చీటీ దగ్గర అదనపు గుండీ ఉందేమో కూడా చూసుకోవాలి.

గుడ్డ, కాలర్, కుట్టు అయ్యాయి. నాలుగోది కొలత. ఎంత మంచి గుడ్డయినా కొలత కుదరకపోతే చొక్కా అద్దె తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. కొలత కుదిరితే మామూలు గుడ్డ కూడా దర్జాగా ఉంటుంది. ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: భుజం కుదరాలి, మెడ కుదరాలి. ఆ రెండూ కుదిరితే మిగతావన్నీ టైలరు సరిచేయగలడు. నడుం దగ్గర వదులుంటే పట్టేయవచ్చు. పొడుగుంటే కత్తిరించవచ్చు. చేతులు తగ్గించవచ్చు. భుజం జారితే మాత్రం చొక్కా మొత్తం విప్పి మళ్లీ కుట్టాలి. ఆ కూలి కొత్త చొక్కాతో సమానం.

భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. చేతి మీదికి జారకూడదు, మెడ వైపు ఎక్కకూడదు. మెడ గుండీ పెట్టుకున్నాక కాలర్‌కీ మెడకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. చేతులు వదిలేసి నిలబడితే కఫ్ మణికట్టు ఎముకను కప్పి, బొటనవేలి మొదలు దగ్గర ఆగాలి. ఇంతటితో అద్దం ముందు నుంచి కదిలిపోకూడదు. రెండు చేతులూ పైకెత్తి చూడాలి, చొక్కా ప్యాంటులోంచి పూర్తిగా ఊడి రాకూడదు. స్టూలు మీద కూర్చుని చూడాలి, పొట్ట దగ్గర గుండీల మధ్య సందులు విచ్చుకోకూడదు. నిలబడినప్పుడు బాగుండి కూర్చుంటే బిగిసే చొక్కాలు బజారులో చాలా ఉన్నాయి. ఉద్యోగమంతా కుర్చీలో చేసేవాళ్లు ముందు కూర్చునే చూడాలి.

చొక్కా మీద వేసే సైజు అంకె చాలామందిని తికమక పెడుతుంది. నలభై అంటే ఛాతీ నలభై అంగుళాలని అనుకుంటారు. చాలా ఫార్మల్ బ్రాండ్లలో ఆ అంకె మెడపట్టీ కొలత, అదీ సెంటీమీటర్లలో. ముప్పై తొమ్మిది లాంటి బేసి సైజు అందుకే కనిపిస్తుంది. ఛాతీ కొలత పక్కనే విడిగా సెంటీమీటర్లలో వేస్తారు. ఒకే అంకె ఉన్నా ఒక కంపెనీది బిగుతుగా, ఇంకో కంపెనీది వదులుగా ఉంటుంది. స్లిమ్, రెగ్యులర్ అన్న తేడా దానికి అదనం. కాబట్టి అంకెను నమ్ముకోవడం కన్నా, ఇంట్లో ఉన్నవాటిలో ఒంటికి బాగా కుదిరిన చొక్కాను పరుపు మీద పరిచి టేపుతో కొలిచి, ఆ కొలతలు ఫోనులో రాసుకోవడం మేలు. కాలర్, ఒక భుజం నుంచి ఇంకో భుజం, ఒక చంక నుంచి ఇంకో చంక, చెయ్యి పొడవు, మొత్తం పొడవు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ అయిదు కొలతలే దిక్కు. అక్కడ గుడ్డను ముట్టుకోలేం కాబట్టి, వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనాలి. చీటీ తెంపే ముందే ఇంట్లో ఈ పరీక్షలన్నీ చేసేయాలి.

ధర విషయానికి వస్తే, ఆషాఢం వచ్చిందంటే ఊరంతా తగ్గింపు బోర్డులు వెలుస్తాయి. నిజమైన తగ్గింపులూ ఉంటాయి. పాత సరుకు వదిలించుకోవడానికి దుకాణాలు బ్రాండు చొక్కాలను సగం ధరకి ఇచ్చే కాలం అదే. కానీ ఒకటి కొంటే రెండు ఉచితం అన్నప్పుడు ఒక లెక్క వేసుకోవాలి. ముద్రించిన ధరను మూడుతో భాగించి, ఆ వచ్చిన డబ్బుకి ఈ గుడ్డ, ఈ కుట్టు సరిపోతాయా అని చూడాలి. ముద్రించిన ధర పక్కన తగ్గింపు శాతం కాదు చూడాల్సింది, జేబులోంచి పోయే డబ్బు, చేతికొచ్చే చొక్కా. పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ధర ఉన్న దుస్తులకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 2,500 రూపాయల చొక్కాకి పన్ను 125 రూపాయలైతే, 2,600 చొక్కాకి 468 రూపాయలు. ఆ గీత దాటే ముందు ఒకసారి ఆలోచించడం మంచిది.

ఇంకో లెక్క ఉతుకుల లెక్క. ఆరు వందల చొక్కా ముప్పై ఉతుకులకి వెలిసి మూలపడితే, వేసుకున్న ప్రతిసారీ ఇరవై రూపాయలు ఖర్చయినట్టు. పద్నాలుగు వందల చొక్కా వంద ఉతుకులు నిలిస్తే ఒక్కోసారికి పద్నాలుగు రూపాయలే. చవక అంటే తక్కువ ధర అని కాదు, తక్కువకి ఎక్కువ రోజులు అని. కొత్తగా ఉద్యోగంలో చేరే కుర్రాడు నెల జీతం రాకముందే ఆరు నాసి చొక్కాలు కొనుక్కోవడం కన్నా మూడు మంచివి కొనుక్కుంటే ఏడాది తిరిగేసరికి డబ్బు మిగులుతుంది. ఆ మూడూ తెలుపు, లేత నీలం, సన్నచారలు అయితే ఏ ప్యాంటు మీదికైనా నప్పుతాయి. నలుపు, ముదురు నీలం చొక్కాలు కొత్తలో కళగా ఉంటాయి కానీ, వెలవడం వాటిలోనే ముందుగా కనిపిస్తుంది. ఎండాకాలంలో చెమట ఉప్పు చారలు కూడా వాటి మీదే తేలుతాయి.

కొలత కుదరనివాళ్లకి, లేదా అదే డబ్బుతో మెరుగైన గుడ్డ కావాలనుకునేవాళ్లకి, గుడ్డ కొని కుట్టించుకోవడం ఇప్పటికీ మంచి దారి. విజయవాడ వస్త్రలతలోనూ, చీరాల బజారులోనూ, సికింద్రాబాద్ జనరల్ బజారులోనూ, చార్మినార్ పక్కన పత్తర్‌గట్టిలోనూ తానుల మీది నుంచి గుడ్డ కోసి ఇచ్చే దుకాణాలున్నాయి. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతో అడగకుండా మీటర్లు చెప్పకూడదు. 58 అంగుళాల పన్నా అయితే మామూలు ఒడ్డు మనిషికి పొడుగు చేతుల చొక్కాకి మీటరు అరవై సెంటీమీటర్లు సరిపోతుంది. 36 అంగుళాల పన్నా అయితే రెండుంబావు నుంచి రెండున్నర మీటర్లు కావాలి. ఇంకో పావు మీటరు ఎక్కువ తీసుకోవడం తెలివైన పని. ఎందుకన్నది చివర్లో తెలుస్తుంది.

చేనేత గుడ్డ గురించి విడిగా చెప్పాలి. మంగళగిరి కాటన్ చొక్కా గుడ్డగా ఎంతో పేరు పొందింది. బిగువుగా నేసిన ఆ గుడ్డ ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది, ఒంటికి అలవాటు పడుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ ఇంకా సన్నటిది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. అంత శ్రమ ఉంది కాబట్టి అది చవక కాదు, కాకూడదు కూడా. ఆప్కో, టెస్కో, ఖాదీ భండార్ దుకాణాల్లో రిబేటు ఇచ్చే రోజుల్లో కొంటే మధ్యతరగతికి అందుబాటులోకి వస్తుంది. ఖాదీకి సాధారణంగా గాంధీ జయంతి నుంచి రిబేటు మొదలవుతుంది. చేనేత గుడ్డ ఏదైనా, టైలరుకి ఇచ్చే ముందు ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి ఇవ్వాలి. కుంచించుకునేది ఏదో కుట్టకముందే కుంచించుకుంటుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక ఎంతోమంది చేనేత చొక్కాలు పొట్టివైపోయాయని బాధపడతారు.

టైలరుకి రెండు మాటలు ముందే చెప్పాలి. కుట్టు చిన్నగా వేయమని, పక్కల్లో లోపల అర అంగుళం గుడ్డ వదలమని. మనిషి కాస్త ఒళ్లు చేస్తే ఆ అర అంగుళమే చొక్కాను కాపాడుతుంది. బక్రం కూడా మంచిది వేయమని అడగాలి. దానికి పదో ఇరవయ్యో ఎక్కువ అడిగితే ఇచ్చేయాలి.

కొన్న చొక్కా మన్నడం సగం ఉతుకులో ఉంది. గుండీలన్నీ విప్పి, చొక్కా తిరగేసి ఉతకాలి. కాలర్, కఫ్ మీది మురికికి ముందుగా సబ్బు రాసి పావుగంట వదిలి, మెత్తగా రుద్దాలి. బ్రష్షుతో గట్టిగా గీకినా, బండకేసి బాదినా మురికితో పాటు పోగులూ పోతాయి. తెల్ల చొక్కాల చంకల్లో పసుపు మరకలు ఒక్క చెమట వల్లే రావు. చెమట ఆపడానికి రాసుకునే వాటిలోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి ఆ రంగు తెస్తాయి. లోపల బనియన్ వేసుకుంటే చొక్కాకి ఆ బాధ చాలావరకు తప్పుతుంది. నీడన, భుజాల దగ్గర హ్యాంగరుకి తగిలించి ఆరేస్తే ఇస్త్రీ పని సగం తగ్గుతుంది. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. కాలర్‌ను కొసల నుంచి మధ్యకి రుద్దాలి. మధ్య నుంచి కొసలకి రుద్దితే గుడ్డ జరిగి కొసల దగ్గర ముడత పోగవుతుంది. గంజి పెట్టేవాళ్లు పలచగా పెట్టాలి. చిక్కటి గంజి పెట్టి ఎప్పుడూ ఒకే మడత మీద ఇస్త్రీ చేస్తే ఆ మడత దగ్గరే గుడ్డ విరుగుతుంది.

ఇంత చేసినా కొన్నాళ్లకి కాలర్ మడత మీద గుడ్డ చీకడం మొదలవుతుంది. మిగతా చొక్కా బాగానే ఉంటుంది. చాలామంది అక్కడితో దాన్ని పక్కన పడేస్తారు. అంత అవసరం లేదు. కాలర్ విప్పి, తిరగేసి, చీకిన వైపు లోపలికి పోయేలా మళ్లీ కుట్టే టైలర్లు ఇప్పటికీ పాత బజారుల్లో ఉన్నారు. జేబు ఉన్న చొక్కా అయితే జేబు గుడ్డ, కుట్టించుకున్నదైతే ముందు దాచిన పావు మీటరు గుడ్డ, కొత్త కాలర్‌కి, కఫ్‌లకి పనికొస్తాయి. ముందే ఉతికి దాచిన గుడ్డ అయితే రంగు తేడా కూడా పెద్దగా తెలియదు. కాలర్ కొసలకి గుండీలున్న చొక్కాను ఇలా తిరగేయడం మాత్రం కుదరదు. కాజాలు పైవైపు ఉండిపోతాయి కాబట్టి దానికి కొత్త కాలరే వేయించాలి.